కెనడా ఊళ్ళ చర్చి చరిత్ర పుస్తకాలు: ఒక్కటి కొంటే చాలదు, జతగా కొనండి (నా రివ్యూ)

ఇది ఒక పుస్తకం మీద రివ్యూ కాదండీ, ఒక రకం పుస్తకాల మీద. కెనడాలో ప్రొటెస్టెంట్ చర్చిలు ఉన్న పాత ఊళ్ళలో చాలాచోట్ల సంఘానికి వందేళ్ళో నూట యాభై ఏళ్ళో నిండినప్పుడు సంఘంవాళ్ళే ఒక కమిటీ వేసుకుని, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ పోగేసి, తమ చర్చి చరిత్ర తామే రాసుకుని అచ్చేయించుకుంటారు. అరవై డెబ్భై పేజీలుంటుంది, స్పైరల్ బైండింగో స్టేపుల్ పిన్నులో, కవర్ మీద చర్చి బొమ్మ, లోపల పాస్టర్ల ఫొటోలు వరసగా. ఊరి మ్యూజియం గిఫ్ట్ షాపుల్లో, లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేటప్పుడు, చర్చి బజార్లలో దొరుకుతాయి, నేను కొన్నవన్నీ ఐదు నుంచి ఇరవై డాలర్ల లోపే. కెనడా తూర్పు తీరంలో ఉన్న నోవా స్కోషియా, ఇంకా ఒంటారియో రాష్ట్రాల వైపువి ఎక్కువ చదివా. తెలుగువాళ్ళకి వీటి గురించి ఎందుకు చెప్తున్నానంటే, ముఖ్యంగా కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్ళకి, ఈ పుస్తకాల్లో మన ఊళ్ళ పేర్లు ఉంటాయి. అది తర్వాత చెప్తా, చాలా ఉంది చెప్పడానికి.

ముందు బాగున్న సంగతులు. ఈ పుస్తకాలు రాసేవాళ్ళు చరిత్రకారులు కారు, రిటైరైన టీచరో, చాలా ఏళ్ళు సంఘం లెక్కలు చూసిన కోశాధికారో రాస్తారు, అందుకే పెద్ద చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా దొరకని చిన్న చిన్న వివరాలు వీటిలో ఉంటాయి. పైకప్పుకి దేవదారు పలకలు ఎవరి మిల్లు నుంచి వచ్చాయి, స్టవ్‌కి కట్టెలు ఏ ఏడాది ఎవరు కొట్టారు, ఆర్గన్ కొనాలా వద్దా అని సంఘం ఎన్నేళ్ళు వాదించుకుంది, ఏ ఏడాది నుంచి గేలిక్‌లో, అంటే స్కాట్లండ్ పాత భాషలో, వాక్యం చెప్పడం ఆగి ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది, నోవా స్కోషియాలో లూనెన్‌బర్గ్ వైపైతే జర్మన్ ఎప్పుడు ఆగింది, ఇలాంటివి. ఒక ఊరు ఎలా బతికిందో ఇవి చెప్తాయి. నోవా స్కోషియాలో ఓడలు కట్టే ఊళ్ళలో చర్చి కట్టినవాళ్ళు కూడా ఆ ఓడల వడ్రంగులే, పైకప్పు లోపలి వైపు చూస్తే బోర్లించిన పడవలా ఉంటుంది, అది ఎవరి చేతి పనో పేరుతో సహా రాసుకున్నారు కొందరు. సమాధుల తోట ప్లాన్ వేసిన పుస్తకం దొరికితే మాత్రం రేటు చూడకుండా కొనేయండి, ఆ ప్లాన్ ఒక్కటే డబ్బుకి సరిపోతుంది.

లూనెన్‌బర్గ్ అన్నాను కాబట్టి, అక్కడి సెయింట్ జాన్స్ ఆంగ్లికన్ చర్చి కథ ఈ చిన్న వివరాల విలువకి మంచి ఉదాహరణ. 1753లో మొదలైన సంఘం అది, 2001లో హాలోవీన్ రాత్రి చర్చికి మంటలంటుకుని చాలా భాగం కాలిపోయింది. ఊరంతా కలిసి మళ్ళీ కట్టుకుని 2005లో తెరిచారు. బలిపీఠం పైన నీలం కప్పు మీద బంగారు నక్షత్రాలు ఉండేవి, వాటిని మళ్ళీ వెయ్యాలంటే ఏది ఎక్కడుందో తెలియాలి కదా, పాత ఫొటోలూ జ్ఞాపకాలూ వెతికి, ఖగోళం తెలిసినవాళ్ళని అడిగితే, ఆ నక్షత్రాలు ఊరికే చల్లినవి కావు, మొదటి క్రిస్మస్ నాటి ఆకాశం ఆ ఊరి నుంచి ఎలా కనబడేదో ఆ లెక్కన వేశారని తేలింది. ఎవరో ఎప్పుడో ఫొటో తీసి దాచుకోవడం వల్లే కదా అది తిరిగొచ్చింది.

ఇక లోటు. ఈ పుస్తకాల్లో చాలావాటికి ఒకటే జబ్బు, అధ్యాయాలన్నీ పాస్టర్ల పేర్ల మీద నడుస్తాయి. ఫలానా రెవరెండ్ వచ్చారు, ఆయన కాలంలో మెట్లు కట్టారు, వెళ్ళిపోయారు, ఇంకో రెవరెండ్ వచ్చారు. గొడవలుంటే ఒక్క వాక్యంలో కొన్ని అభిప్రాయభేదాలు వచ్చాయి అని తేల్చేస్తారు, కానీ ఆ ఒక్క వాక్యం వెనకే ఊరి చరిత్ర సగం ఉంటుంది. ఆడవాళ్ళకి సొంత పేర్లుండవు, అందరూ మిసెస్ ఫలానాలే. ఆ నేల మీద అంతకుముందు ఉన్న మిక్‌మా, మోహాక్, క్రీ ప్రజల గురించి మొదటి పేజీలో ఒక పేరా ఉంటుంది, తర్వాత వాళ్ళు మళ్ళీ కనబడరు. వెనక ఇండెక్స్ ఉండదు. ఫొటోలు జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు నల్లగా ఉంటాయి.

అందుకే చాలా పుస్తకాలు చదివాక నాకు అర్థమైంది ఏంటంటే ఏ చర్చి చరిత్రా విడిగా చదివితే నిజం సగమే తెలుస్తుంది, పక్క చర్చిది కూడా తెచ్చుకోవాలి, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకే ఏడాది దగ్గర ఏ పుస్తకం ఏం చెప్తోందో చూడాలి. ఈ రివ్యూ మొత్తంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

దీనికి అన్నిటికన్నా సులువుగా దొరికే జత 1925ది. ఆ ఏడాది జూన్ 10న టొరాంటోలో మ్యూచువల్ స్ట్రీట్ అరీనాలో, అంటే ఐస్ హాకీ ఆడే స్టేడియంలో, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో మూడింట రెండొంతుల దాకా కలిసి యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా అయ్యారు. ప్రెయిరీ రాష్ట్రాల్లో జనం పల్చగా ఉండి ఊరికి మూడు చర్చిలు పోషించే స్తోమత లేక అంతకుముందే చాలాచోట్ల కలిసిపోయి యూనియన్ చర్చిలు నడుపుకుంటున్నారు, వాళ్ళకి ఇది పెద్ద విషయం కాదు. ఒంటారియోలో, నోవా స్కోషియాలో మాత్రం ఊళ్ళు నిలువునా చీలాయి. ప్రెస్బిటేరియన్ సంఘాలు ఓటేసుకోవచ్చు, కలుద్దామా వద్దా అని, ఎక్కువమంది ఎటుంటే బిల్డింగ్ అటు. కొన్ని ఓట్ల తేడాతో ఓడిపోయినవాళ్ళు తమ తాతలు కట్టిన చర్చి వదిలేసి బడిలోనో ఊరి హాల్లోనో ఆదివారం కూడుకున్నారు. ఒకే ఇంట్లో భర్త ఒక చర్చికి భార్య ఇంకో చర్చికి వెళ్ళిన ఊళ్ళున్నాయి.

ఇప్పుడు ఆ రెండు సంఘాల పుస్తకాలూ తీసుకోండి. యునైటెడ్ వాళ్ళ పుస్తకంలో 1925 అంటే సంతోషంతో నిండిన పేజీ, అందరూ ఒకటయ్యారు, క్రీస్తు ప్రార్థన నెరవేరింది అని. పక్క వీధిలో ప్రెస్బిటేరియన్ వాళ్ళ పుస్తకంలో అదే ఏడాది కన్నీళ్ళు, చేతిలో కీర్తనల పుస్తకాలు తప్ప ఏమీ లేకుండా బయటికొచ్చాం అని. వెండి పాత్రలు ఎవరికి చెందాలి, బాప్తిస్మం రిజిస్టర్ ఎవరి దగ్గరుండాలి, బైబిల్ ఎవరిది, ఇవన్నీ ఒక పుస్తకంలో అసలు ఉండవు, ఇంకోదాంట్లో రెండు పేజీలుంటాయి. ఆఖరికి ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ కెనడా అన్న పేరు వాడుకునే హక్కు కూడా ఆ మిగిలినవాళ్ళకి చట్టప్రకారం తేలేసరికి 1939 అయింది. ఈ గొడవలో ఎవరు మంచి ఎవరు చెడు అని నేను అనను, ఇద్దరూ విశ్వాసంతోనే నిలబడ్డారు. కానీ ఒక్క పుస్తకమే చదివినవాడికి ఆ రెండో బాధ ఉందనే తెలీదు. ఒంటారియోలో మీరుండే ఊళ్ళో ఒకే వీధిలో ఒక యునైటెడ్ చర్చి, ఒక ప్రెస్బిటేరియన్ చర్చి ఎదురెదురుగా ఉంటే, రెండో దాని శంకుస్థాపన రాయి మీద ఏడాది చూడండి, 1925 తర్వాతదైతే కథ అర్థమైపోతుంది.

నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్ జత వేరే రకం. అక్కడ సెయింట్ పాల్స్ ఆంగ్లికన్ చర్చి 1750 నాటిది, ఊరు పుట్టిన మరుసటి ఏడాదే కట్టారు, కెనడాలో ఇప్పటికీ నిలబడి ఉన్న ప్రొటెస్టెంట్ చర్చి భవనాల్లో అదే పాతది. 1917 డిసెంబర్‌లో హార్బర్‌లో మందుగుండు ఓడ పేలినప్పుడు ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన ఒక కిటికీ చట్రం ముక్క గోడలో దిగబడిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంచారు, వెళ్తే చూడొచ్చు. చూసి తీరాల్సిన చోటు, అందులో అనుమానం లేదు. అయితే అదే ఊళ్ళో 1832లో రిచర్డ్ ప్రెస్టన్ అనే ఆయన, వర్జీనియాలో బానిసత్వం నుంచి బయటపడి తల్లిని వెతుక్కుంటూ నోవా స్కోషియా వచ్చిన మనిషి, నల్లజాతివాళ్ళ బాప్టిస్టు సంఘం మొదలుపెట్టాడు, 1854లో ఆ సంఘాలన్నిటినీ ఒక అసోసియేషన్‌గా కట్టాడు. ఆయన మొదలుపెట్టిన ఆ కార్న్‌వాలిస్ స్ట్రీట్ చర్చి 2018లో పేరు మార్చుకుని న్యూ హొరైజన్స్ అయింది, ఎందుకంటే కార్న్‌వాలిస్ అనే గవర్నరు మిక్‌మా ప్రజల నెత్తి చర్మాలకి బహుమతి ప్రకటించినవాడు, ఆ పేరు మోయడం సంఘానికి ఇష్టం లేకపోయింది.

ఇంకా ఆఫ్రిక్‌విల్. హాలిఫాక్స్ అంచున సముద్రం పక్కన నల్లవాళ్ళ పల్లె, నగరం వాళ్ళకి నీళ్ళ పైపు కూడా వెయ్యలేదు, పన్నులు మాత్రం తీసుకుంది. పల్లె మధ్య సీవ్యూ బాప్టిస్ట్ చర్చి ఉండేది, 1849లో మొదలైన సంఘం. 1960ల్లో పల్లెని ఖాళీ చేయించారు, 1967లో చర్చిని అర్ధరాత్రి బుల్‌డోజర్‌తో కూల్చేశారు. నగరం క్షమాపణ చెప్పింది 2010లో, తర్వాత ఆ చర్చి నమూనాలోనే మళ్ళీ కట్టి మ్యూజియంగా తెరిచారు. నాకైతే హాలిఫాక్స్‌లో ఒకే రోజు ఉండేవాళ్ళు ఎవరైనా అడిగితే పొద్దున సెయింట్ పాల్స్, మధ్యాహ్నం ఆఫ్రిక్‌విల్ చూడమంటా. ఒక చర్చి ఊరు మొత్తం చేతులడ్డుపెట్టి కాపాడుకున్నది, ఇంకో చర్చి నగరమే రాత్రిపూట పడగొట్టింది, రెండూ ఒకే ఊరి ప్రొటెస్టెంట్ చరిత్ర.

బ్రాంట్‌ఫర్డ్ గురించి తప్పకుండా చెప్పాలి. అక్కడ మోహాక్ చాపెల్ 1785లో కట్టింది, ఒంటారియోలో అన్నిటికన్నా పాత ప్రొటెస్టెంట్ చర్చి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ పక్షాన పోరాడి ఇళ్ళూ భూములూ పోగొట్టుకున్న మోహాక్ ప్రజలకి రాజు కట్టించి ఇచ్చాడు, వాళ్ళ నాయకుడు జోసెఫ్ బ్రాంట్ సమాధి అక్కడే ఉంది. చిన్న చెక్క చర్చి, చూడ్డానికి ఎంత శాంతిగా ఉంటుందో. దానికి దగ్గర్లోనే మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అని రెసిడెన్షియల్ స్కూలు, 1970 దాకా నడిచింది. ఆ బడి పిల్లల్ని ఆదివారం ఈ చాపెల్‌కే తీసుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. ఇళ్ళ నుంచి దూరం చేసి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన పిల్లలు వాళ్ళు. కెనడా మొత్తంలో లక్షా యాభై వేల మంది పిల్లలు ఇలాంటి బడుల్లో పెరిగారు, ఎక్కువ కాథలిక్కులవి, మిగతావి ఆంగ్లికన్, యునైటెడ్, ప్రెస్బిటేరియన్ వాళ్ళు నడిపినవి. ఆంగ్లికన్ చర్చి 1993లో, ప్రెస్బిటేరియన్లు 1994లో, యునైటెడ్ వాళ్ళు 1986లో ఒకసారి, ఈ బడుల గురించి విడిగా 1998లో క్షమాపణ చెప్పారు. ఈ బడుల మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ రిపోర్టు 2015లో వచ్చింది. పాత చర్చి చరిత్ర పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను మొదట చూసేది ఇదే, అచ్చయిన ఏడాది. 1960ల్లోదైతే ఆ బడికి స్త్రీల సమాజం దుప్పట్లు కుట్టి పంపిందని గర్వంగా రాసుంటుంది, అంతే. 1998 తర్వాతదైతే కొందరు ధైర్యంగా ఒక అధ్యాయమే రాశారు. ఆ అధ్యాయం ఉన్న పుస్తకాలు సంఘాన్ని ప్రేమించినవాళ్ళే రాయగలరు, నాకు వాటి మీద చాలా గౌరవం.

మిషన్ల వైపు మంచి కథలున్నాయి, అయితే అక్కడా ఒకరి మాటే నమ్మితే కుదరదు. మానిటోబాలో నార్వే హౌస్ దగ్గర 1840లో జేమ్స్ ఎవాన్స్ అనే మెథడిస్టు మిషనరీ క్రీ భాషకి అక్షరాలు తయారుచేసి, టీ పెట్టెల్లో ఉండే సీసం రేకు కరిగించి అచ్చు అక్షరాలు పోసి, బర్చ్ చెట్టు బెరడు మీద కీర్తనలు అచ్చేశాడని మిషన్ పుస్తకాలు చెప్తాయి. క్రీ పెద్దలు చెప్పే కథలో ఆ అక్షరాలు కాలింగ్ బ్యాడ్జర్ అనే తమ మనిషికి దర్శనంలో దొరికాయి. రెండూ ఉన్న పుస్తకం కొనండి.

నోవా స్కోషియాలో పిక్టూ వైపు వెళ్తే జేమ్స్ మెక్‌గ్రెగర్ గురించి అడగండి. 1786లో వచ్చిన స్కాటిష్ ప్రెస్బిటేరియన్, గేలిక్‌లోనూ ఇంగ్లీషులోనూ వాక్యం చెప్తూ మంచులో అడవుల్లో నడిచి తిరిగాడు. తోటి పాస్టరే బానిసల్ని ఉంచుకున్నాడని ఆయన్ని బహిరంగంగా ఖండించి, తన కొద్దిపాటి జీతంలోంచే డబ్బు కట్టి ఒక అమ్మాయిని విడిపించాడు. ఆయన నడకల గురించి అందరూ రాస్తారు, ఆ డబ్బు సంగతి రాసినవాళ్ళు తక్కువ. అదే రాష్ట్రంలో కేప్ బ్రెటన్ దీవి వాళ్ళవైతే నార్మన్ మెక్‌లియోడ్ కథ కోసం కొనొచ్చు, తన మాటే వేదంగా నడిపిన పాస్టరు, 1851లో జనాన్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకి, అక్కణ్ణించి న్యూజిలాండ్‌లో వైపూ దాకా తీసుకెళ్ళాడు. సెయింట్ ఆన్స్ ఊరి నుంచి కుటుంబాలకి కుటుంబాలే లేచిపోయాయి.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి.

నోవా స్కోషియాలో కాన్సో అని సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. అక్కడ పుట్టిన హన్నా మరియా నారిస్ అనే టీచరమ్మ మిషనరీగా బర్మా వెళ్తానంటే, బాప్టిస్టు బోర్డు వాళ్ళు మా దగ్గర డబ్బుల్లేవు, ఆడవాళ్ళని అడిగి చూడు అన్నారు. ఆవిడ నిజంగానే అడిగింది. 1870లో కాన్సోతో మొదలుపెట్టి ఒక్క వేసవిలో మారిటైమ్ ఊళ్ళన్నీ, అంటే నోవా స్కోషియా చుట్టుపక్కల తూర్పు తీరం ఊళ్ళన్నీ, తిరిగి ముప్పైకి పైగా స్త్రీల మిషనరీ సమాజాలు పెట్టేసింది. ఆ తర్వాత బర్మా వెళ్ళింది, ఆవిడ వెనక 1873లో ఇంకొంతమంది వెళ్ళారు, సయామ్‌లో (ఇప్పటి థాయిలాండ్) పని కుదరదని తేలాక 1875లో ఆ బృందం మన తెలుగు కోస్తాకి మళ్ళింది. అప్పటికే 1874లో ఒంటారియో, క్యూబెక్ బాప్టిస్టుల తరఫున జాన్ మెక్‌లారిన్ కాకినాడలో దిగాడు. మారిటైమ్ వాళ్ళు ఉత్తరాది వైపు తీసుకున్నారు, భీమిలిలో శాన్‌ఫర్డ్ దంపతులు, బొబ్బిలిలో జార్జ్, మటిల్డా చర్చిల్, శ్రీకాకుళంలో ఆ హన్నా మరియానే, అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పెళ్ళి చేసుకుంది. మన సీబీఎం (కెనడియన్ బాప్టిస్ట్ మిషన్) చర్చిలు, సీబీఎం బళ్ళు, పిఠాపురం ఆసుపత్రి, అన్నిటి వెనకా ఈ చిన్న ఊళ్ళున్నాయి.

ఈ సంగతి పాస్టర్ల ఫొటోల పుస్తకాల్లో సగం పేజీ కూడా ఉండదు. అదే స్త్రీల సమాజం మినిట్స్, అంటే మీటింగుల్లో రాసిపెట్టుకున్న నోట్సు, ఆధారంగా రాసిన పుస్తకం దొరికిందా, ఇక ప్రతి ఏడాదీ కనబడుతుంది. మైట్ బాక్సులని చిన్న అట్టపెట్టెలు ఇంట్లో పెట్టుకుని చిల్లర వేసేవాళ్ళు, గుడ్లు అమ్మిన డబ్బు, ప్యాచ్‌వర్క్ దుప్పటి మీద ఒక్కో పేరు కుట్టినందుకు ఇంత అని వసూలు చేసిన డబ్బు, ఆ దుప్పటి వేలం వేస్తే వచ్చిన డబ్బు, నెలనెలా మీటింగ్‌లో బొబ్బిలి నుంచి వచ్చిన ఉత్తరం ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు కుట్టుపని చేస్తూ వినడం. చేపల పడవ తిరిగిరాక భర్త పోయిన ఆవిడ కూడా పావలా కానుక ఆపకపోవడం లాంటివి చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు దొరసానమ్మ బడి అనేవాళ్ళు కదా, ఆ బడి పలకలకి డబ్బు కట్టినవాళ్ళు వీళ్ళు, వీళ్ళకి మన ఊరు మ్యాపులో ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియకపోవచ్చు, అయినా పేరుపేరునా ప్రార్థన చేశారు.

అయితే ఇక్కడ కూడా జత కావాలి, ఇంకా గట్టిగా కావాలి. కెనడా వైపు పుస్తకాల్లో తెలుగువాళ్ళు ఎక్కువగా పేరు లేకుండా కనబడతారు, బైబిల్ స్త్రీ, నేటివ్ ప్రీచర్, వంటవాడు. మెక్‌లారిన్ వచ్చేముందే కాకినాడలో థామస్ గాబ్రియేలు గారని టెలిగ్రాఫ్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేసిన మాల కుటుంబం మనిషి, సొంత పూనికతో సంఘం మొదలుపెట్టి, అప్పుల్లో పడి సాయం కోసం కెనడావాళ్ళని పిలిచారు. అంటే మొదలుపెట్టింది మనవాడు, వచ్చి కలిసింది వాళ్ళు. గాబ్రియేలు గారు 1875లోనే చనిపోయారు. ఈ వరస తెలియాలంటే మన సంఘాల వజ్రోత్సవ, శతజయంతి సావనీర్లు పక్కన ఉండాల్సిందే. మీ ఇళ్ళలో అటకమీద ఉంటే దయచేసి స్కాన్ చేసి పెట్టుకోండి, కాగితం పొడైపోతోంది.

కొనకుండా చదవాలంటే. కెనడియానా అనే సైట్ 2019 నుంచి అందరికీ ఉచితం, 1920 లోపు అచ్చయిన చర్చి చరిత్రలు, మిషన్ రిపోర్టులు బోలెడున్నాయి. ఒంటారియో బాప్టిస్టు స్త్రీలు 1878లో మొదలుపెట్టిన మిషనరీ లింక్ పత్రిక పాత సంచికలు కూడా చూడొచ్చు. వెతికేటప్పుడు మన స్పెల్లింగ్ వేస్తే ఏమీ రాదు, ఆ రోజుల్లో దొరలు రాసినట్టు కొకనాడ, బిమ్లీపటామ్, చికాకోల్, విజగపటామ్ అని ఇంగ్లీషులో కొట్టండి, అప్పుడు పేజీలకి పేజీలు వస్తాయి. డిక్షనరీ ఆఫ్ కెనడియన్ బయాగ్రఫీ కూడా ఉచితమే, హన్నా మరియా నారిస్, రిచర్డ్ ప్రెస్టన్, మెక్‌గ్రెగర్ గురించి పక్కా వివరాలున్నాయి, ఊరి పుస్తకంలో ఏదైనా తేదీ అనుమానంగా ఉంటే నేను అక్కడ సరిచూసుకుంటా. రెసిడెన్షియల్ స్కూళ్ళ కాగితాలకైతే విన్నిపెగ్‌లో యూనివర్సిటీ ఆఫ్ మానిటోబాలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ చూడండి.

అసలు మినిట్స్ చేతితో పట్టుకుని చదవాలనుంటే మారిటైమ్ బాప్టిస్టులవి వుల్ఫ్‌విల్‌లో అకేడియా యూనివర్సిటీ లైబ్రరీలో ఎస్తేర్ క్లార్క్ రైట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఒంటారియో వైపువి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో కెనడియన్ బాప్టిస్ట్ ఆర్కైవ్స్‌లో, యునైటెడ్ చర్చివి టొరాంటోలో. వెళ్ళేముందు ఈమెయిల్ పెట్టి ఏ సంఘం, ఏ ఏళ్ళవి కావాలో చెప్పండి, ఊరికే వెళ్తే పెట్టెలు వేరే గోడౌన్ నుంచి తెప్పించాల్సి రావచ్చు. వుల్ఫ్‌విల్ వెళ్తే ఊళ్ళో బాప్టిస్టు చర్చి కూడా చూడండి, 1778 నాటి సంఘం, కెనడాలో తెగిపోకుండా నడుస్తున్న బాప్టిస్టు సంఘాల్లో అదే మొదటిది. దగ్గర్లో గ్రాండ్ ప్రే దగ్గర కవనెంటర్స్ చర్చి ఉంది, 1804లో మొదలుపెట్టి కట్టింది, లోపల పాతకాలం పెట్టెల్లాంటి బెంచీలు అలాగే ఉన్నాయి. ఆ పొలాలు 1755లో అకేడియన్లని, అంటే అక్కడ అంతకుముందు స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ళని, వెళ్ళగొట్టాక న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చినవి, చర్చి బోర్డు చదివేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

చిన్న సంఘాలకి రాసి పుస్తకం అడిగితే జవాబు ఒక్కోసారి నెలల తర్వాత వస్తుంది. ఒకచోట ఆఫీసు నుంచి అసలు జవాబే రాలేదు, చర్చి మూసేసి బిల్డింగ్ అమ్మేశారని తర్వాత తెలిసింది. గ్రామాల్లో ఇప్పుడు ఇది మామూలైపోయింది, అందుకే దొరికినప్పుడే కొనమంటున్నా, రెండో ముద్రణ ఉండదు వీటికి.

రేటింగ్ అడిగితే, పాస్టర్ల వరస పుస్తకానికి ఐదుకి రెండున్నర. సమాధుల ప్లాను, మినిట్స్, స్త్రీల సమాజం లెక్కలు ఉన్నదానికి నాలుగున్నర. పక్క సంఘం పుస్తకంతో కలిపి జతగా దొరికితే ఐదుకి ఐదు, ఇరవై ఐదు డాలర్లు దాటినా పర్లేదు. షాపులో నిలబడి తేల్చుకోవాలంటే మూడు చోట్ల తెరిచి చూడండి, 1925 దగ్గర ఏం రాశారు, స్త్రీల సమాజానికి ఎన్ని పేజీలిచ్చారు, వాళ్ళ ఊరి దగ్గర రిజర్వ్ (ఆదివాసీలకి కేటాయించిన నేల) ఉంటే దాని పేరైనా ఉందా. మూడింటిలో రెండు ఉంటే కొనేయండి. తెలుగు కుటుంబాలైతే మొదటి పుస్తకంగా నోవా స్కోషియా బాప్టిస్టు సంఘంది ఏదైనా తీసుకోండి, వెనక ఇండెక్స్ ఉండదు కాబట్టి 1875 నుంచి మొదలుపెట్టి ఆగకుండా చదవండి.